సెనన్ టాల్టీ తడి గది

సెనన్ టాల్టీ మళ్ళీ తిత్తి వాయిద్యం మార్చాడని ఎవరైనా చెబితే సముద్రం ఒడ్డున మా క్విల్టీ ఊళ్ళో తలెత్తి చూసేవాళ్ళు లేరు. వాన పడుతోందని చెప్పినట్టే ఉంటుంది మాకు. కొన్నాడంటే త్వరలో అమ్ముతాడని, అమ్మాడంటే ఇంకోదాని మీద కన్నేశాడని అందరికీ తెలుసు. పొలాలు మార్చుకునేవాళ్ళని చూశాను, గుర్రాలు మార్చుకునేవాళ్ళని చూశాను గానీ, ఈ తిత్తి వాయించే జాతిలా ఉన్నదాన్ని తిట్టుకుంటూ లేనిదాని వెంటపడేవాళ్ళని ఎక్కడా చూడలేదు. నాది కాన్సర్టీనా, రెండు చేతుల మధ్య నొక్కి వాయించే చిన్న గాలిపెట్టె. మా అమ్మ వాయించిన పెట్టే ఇప్పటికీ వాయిస్తున్నాను. కాబట్టి వీళ్ళ మీద నోరు పారేసుకునే హక్కు నాకుందని నా నమ్మకం. పైగా సెనన్ మా చిన్నాన్న కొడుకు. చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచింది నేనే.

వాడిది కిరోసిన్ లారీ. చలికాలమంతా ఇంటింటికీ తిరిగి పెరట్లో ట్యాంకులు నింపుతాడు. ఇటు కిల్కీ నుంచి అటు లహించ్ దాకా జనం చలి కాచుకుంటున్నారంటే వాడి పుణ్యమే. అయితే గొట్టం ట్యాంకులో పెట్టి ఊరికే నిలబడడు. ఈ ఇంట్లో ఎవరి మంచం కింద ఏ తిత్తి పడి ఉందో, దాన్ని చేసిందెవరో, చివరిసారి వాయించిందెవరో ఆరా తీస్తాడు. కావలసినవాడిని వెతికి కబురు పెడతాడు. అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్య. తేడా ఒక్కటే, పేరయ్య చూపించిన పిల్లనల్లా తనే చేసుకోడు.

ఈ బేరాలకు పత్రికలో ప్రకటనలుండవు. జూలైలో పాటల వారం వస్తుంది. దేశం నలుమూలల నుంచీ వాయించేవాళ్ళంతా మిల్‌టౌన్‌కి చేరతారు. అప్పుడు చర్చి వెనక కార్లు ఆపే చోట డిక్కీలు తెరుచుకుంటాయి. పాత తువ్వాళ్ళలో, పసిపిల్లల దుప్పట్లలో చుట్టిన తిత్తులు బయటికొస్తాయి. ముందు అమ్మేవాడు ఒక పాట మొదలు నుంచి చివరిదాకా వాయించాలి. లోపముంటే దాచకుండా వినిపించడమన్నమాట. తర్వాత కొనేవాడు. ఆ తర్వాతే ధర. చేతిలో డబ్బు పడ్డాక అమ్మినవాడు ఒక నోటు అదృష్టం కోసమని వెనక్కిస్తాడు. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. కొన్నవాడు దాన్ని ఎప్పుడైనా మళ్ళీ అమ్మదలిస్తే, ఇంతకు ముందు దాన్ని అమ్ముకున్నవాళ్ళని ఒక మాట అడగాలి. దాన్ని మొదటి మాట అంటారు. చాలామంది పాటిస్తారు, అందరూ కాదు. కొత్తది చేయించుకుందామంటే చేసేవాళ్ళ దగ్గర వరస ఎంత పొడుగంటే, మా ఊళ్ళో ఒకడు పుట్టబోయే కొడుకు కోసమని పెళ్ళికి ముందే పేరు రాయించాడు. తిత్తి వచ్చింది గానీ పెళ్ళి కాలేదు. అందుకే వీళ్ళకి పాతవే గతి.

ఆ యంత్రం సంగతి కూడా కాస్త చెప్పాలి. ఒక చంక కింద గాలి కొట్టే కొలిమితిత్తి, రెండో చంక కింద గాలి నిలవుండే తోలుతిత్తి, ఒళ్ళో శ్రుతిగొట్టాలు, చేతుల్లో పాట పలికే గొట్టం. ఆ పాటగొట్టం తలలో రెల్లు చీల్చి చేసిన పీక ఒకటి ఉంటుంది, గోరంత. ఇంత సరంజామా దాని దయ మీద బతుకుతుంది. అది అలిగితే ఎంతటి వాయిద్యగాడైనా గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టే వినిపిస్తాడు. సెనన్ దగ్గర మొదట్లో ఒక పాటగొట్టం ఉండేది. పెళ్ళికి ముందు, పడవ మీద పనిచేసి కూడబెట్టుకున్న డబ్బుతో, ఒక ముసలాయన దగ్గర కొన్నాడు. సముద్రం ఒడ్డున ఉన్న పాత ఇంట్లో, గోడలకు నాచు పట్టిన గదిలో దాన్ని వాయించేవాడు. రోడ్డు మీద సైకిలు ఆపి వినేవాళ్ళం. అప్పట్లో వాడికి ఇంకో తిత్తి మీదికి మనసు పోలేదు.

తర్వాత ఫిలొమీనాను చేసుకున్నాడు. ఫిలొమీనా నాతో పాటు బడిలో చదువుకుంది. చిన్నప్పటి నుంచీ ఛాతీ బలహీనం. వాన రోజున పాఠం చదవమంటే సగంలో దగ్గుతో కూర్చుండిపోయేది. ఆ పాత ఇంట్లో రెండు చలికాలాలు గడిచేసరికి మనిషి సగమైంది. ఆ తడి ఇంట్లో ఇంకో ఏడాది ఉంచితే నా దగ్గరికి తేనక్కర్లేదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. సెనన్ మెరక మీద స్థలం కొని, పగలు లారీ తోలి, సెలవు రోజుల్లో తనే ఇటుకలు మోసి కొత్త ఇల్లు కట్టాడు. గోడల్లో చలి ఆపే దూది, ప్రతి గదిలో వేడినీళ్ళ గొట్టాలు, వంటింట్లో పెద్ద స్టవ్. పేలాల్లా పొడిగా ఉంటుందా ఇల్లు. పాత ఇంటిని పడగొట్టి ఆ రాళ్ళతో గోడ పెట్టుకున్నాడు. ఫిలొమీనా లేచి తిరిగింది, చర్చిలో పాడింది. వాడు చేసిన పనుల్లో నాకు వంక దొరకనిది అదొక్కటే.

ఆ చలికాలమే పాటగొట్టం చెడిపోయింది. అన్ని రంధ్రాలూ మూసి పలికించే అడుగు స్వరం పలకడం మానేసింది. పైకి వెళితే కీచుమంది. సెనన్ పీకలు మార్చాడు, దారాలు మార్చాడు, రంధ్రాల్లో తేనెమైనం పెట్టాడు, తీశాడు. చివరికి చెక్క లోపల ఎక్కడో బీట పడిందని తేల్చేశాడు. ఉన్న సంగతి దాచకుండా చెప్పేసి, ఒకాయనకు చవగ్గా ఇచ్చేశాడు. అప్పటి నుంచి మొదలైంది ఈ కొనడం, అమ్మడం. కొన్నది కార్లు ఆపే చోట బాగుంటుంది, ఇంటికి తెస్తే నెల తిరక్కుండా పాడవుతుంది. అమ్మిన ప్రతివాడూ తనని మోసం చేశాడంటాడు. ముప్పై ఏళ్ళు ఇదే వరస. వెనక గదిలో తలుపు వేసుకుని వాయించుకోవడం, ఒక్క స్వరం తప్పగానే తిట్టుకోవడం, మళ్ళీ డిక్కీలో పెట్టుకుని బయల్దేరడం. ఫిలొమీనా టీ కప్పు తలుపు బయట స్టూలు మీద పెట్టి వెళ్ళేది.

పోయిన జూలైలో ఒక సాయంత్రం మేమిద్దరం మిల్‌టౌన్‌లో ఒక పబ్ బయట చూరు కింద నిలబడి ఉన్నాం. జోరున వాన. లోపల జనం తడి కోట్లతో కిక్కిరిసి ఉన్నారు, కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. ఆ కిటికీలోంచి తిత్తి పాట వినిపించింది. సెనన్ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

"అదీ," అన్నాడు.

"ఏదీ?"

"అదే డీలియా. నేను బతుకంతా వెతుకుతున్నది అదే."

"మొన్న బాంట్రీ ఆయన గొట్టం విన్నప్పుడు కూడా ఇదే అన్నావు. దానికి ముందు స్లైగో ఆయనది విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు."

నా మాట వినిపించుకోలేదు. జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్ళాడు, వెనకే నేనూ వెళ్ళాను. వాయిస్తున్నది ఒక అమ్మాయి. చలికి కందిపోయిన చేతులు, జుట్టు నిండా వాన. పాట అయీ కాకముందే సెనన్ వంగి, "అమ్ముతావా?" అని అడిగాడు.

"ముందు పేరడుగుతారేమో అనుకున్నా," అందామె. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. "నా పేరు ఓర్లా. అమ్మను. కావాలంటే ఒక పాట వాయించి ఇవ్వండి."

సెనన్ గొట్టం చేతిలోకి తీసుకుని తల వైపు తిప్పి చూశాడు. అక్కడ పసుపుపచ్చ దారం చుట్టి ఉంది. అందరూ చుట్టే వైపు కాక రెండో వైపుకు చుట్టి ఉంది. సెనన్ ఎడమచేతి వాటం మనిషి. వాడి మొహంలో రంగు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

"ఇది నీకెక్కడిది?"

"ఎన్నిస్‌లో ఒక పళ్ళ డాక్టర్ దగ్గర కొన్నా. ఆయన మూలన పడేసి ఉంచాడు. ఎవడో పనికిరాని సరుకు తనకి అంటగట్టాడని ఇప్పటికీ తిడుతుంటాడు."

"ఆ ఎవడో నేనే," అన్నాడు సెనన్.

ఓర్లా నవ్వింది. నేనూ నవ్వాను, పాపం, ఆపుకోలేకపోయాను. వాడు మాత్రం నవ్వలేదు. "నువ్వుండేది ఎక్కడ?" అని అడిగాడు.

"క్యారిగహోల్ట్‌లో. ఆల్చిప్పల మడుల్లో పని నాకు. రేవు పక్కనే ఇల్లు. ఇల్లని పేరే గానీ గోడలు పిండితే నీళ్ళొస్తాయి. పక్కబట్టలు ఆరిన రోజు ఎరగను. ఈ గొట్టానికి మాత్రం అక్కడ స్వర్గంలా ఉంది."

తిరిగి వస్తుంటే కారు నేనే తోలాను. ఊరు దగ్గర పడుతుండగా సెనన్, "గొట్టం తప్పు కాదు డీలియా. ఒక్కదాని తప్పూ కాదు. ఇంటి తప్పు," అన్నాడు.

"అంటే?"

"తేమ లేకపోతే రెల్లు ముడుచుకుపోతుంది. ఎవరికి తెలీదా సంగతి? పీకలు మార్చుకుంటూ కూర్చున్నా గానీ నేను కట్టిన ఇంటిని అనుమానించలేదు. ముప్పై ఏళ్ళు పొరుగువాళ్ళని దొంగలన్నా."

ఆ ఇల్లు పొడిగా ఉండబట్టే ఫిలొమీనా ఊపిరి తీస్తోంది.

ఆకులు రాలే రోజుల్లో ఓర్లా ఫోన్ చేసింది. ఎప్పుడో పేరు రాయించుకున్న కొత్త తిత్తి కార్క్ ఊరి నుంచి వచ్చిందట. పాతది అమ్మక తప్పదు. పళ్ళ డాక్టరు తనకొద్దన్నాడు. "ఆయన తర్వాత మొదటి మాట మీదే. అడగకుండా ఇంకొకరికి ఇవ్వలేను," అంది. సెనన్ భోజనం సగంలో వదిలేసి లారీ వేసుకునే వెళ్ళాడు. లెక్కల సంగతి వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు, నాకు తెలీదు.

వెనక గదిలో వేడినీళ్ళ గొట్టం ఆపేశాడు. కిటికీ జానెడు తెరిచి పెట్టాడు. కుర్చీల మీద, అలమారా తలుపు మీద తడి తువ్వాళ్ళు ఆరేశాడు. వారం తిరిగేసరికి ఆ గది పాత ఇంట్లో గదిలాగే వాసన వేసింది. ఒకరోజు అటుగా వెళుతూ నేను కారు ఆపేశాను. అడుగు స్వరం నిండుగా, పాలు తీయమని తలుపు దగ్గర నిలబడి అరిచే ఆవు గొంతులా వచ్చింది. కోపం, వెటకారం అన్నీ పక్కన పెట్టి చెబుతున్నాను, అంత బాగా వాడు వాయించగా ఎన్నడూ వినలేదు. అంత సంతోషంగా ఉండగా కూడా చూడలేదు. లారీ తోలుతూ ఈల వేసేవాడు. పళ్ళ డాక్టరుకి, బాంట్రీ ఆయనకి, ఇంకా ఎవరెవరికో ఫోన్లు చేసి క్షమించమని అడిగాడట. స్లైగో ఆయన తాగి ఫోన్ చేశాడనుకుని పెట్టేశాడట.

నవంబరులో ఫిలొమీనాకు ఆపిల్ కేకు ఇద్దామని వెళ్ళాను. టీ పోస్తూ దగ్గింది. కెటిల్ కింద పెట్టి, బల్ల అంచు పట్టుకుని, మళ్ళీ దగ్గింది. నాకు బడిలో ఆ వాన రోజులు గుర్తొచ్చాయి. ఆమె పడకగదికీ వెనక గదికీ మధ్య గోడ ఒకటే. వెళ్ళి చూస్తే గోడకు అంటించిన కాగితం అడుగున నల్లగా ఉబ్బి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అరవకు డీలియా. సెనన్‌కి చెప్పకు."

"చెప్పకపోతే ఎలా? నీకు మతి పోయిందా?"

"అతన్ని ఇలా చూసి ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు? పొద్దున్నే పాడుకుంటూ లేస్తున్నాడు. నా కోసమని ఇల్లు కట్టి తన పాట పోగొట్టుకున్నాడు, ఒక్క రోజు నన్ను ఎత్తిపొడవలేదు. ఈ దగ్గు నాకు పాత చుట్టమేలే. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను. తెల్లారి నేరుగా నూనె డిపోకి వెళ్ళి ఆ ఒట్టు గట్టున పెట్టేశాను. సెనన్ లారీ ట్యాంకు నింపుతున్నాడు.

"ఒరేయ్, నీ చెవులెక్కడ పెట్టుకున్నావురా? స్వరంలో వెంట్రుకవాసి తేడా వస్తే రెండు గదుల అవతల నుంచి పట్టేస్తావే! నీ పెళ్ళాం దగ్గు వినపడలేదా?"

"వాయించేటప్పుడు..."

"వాయించనప్పుడు?"

ట్యాంకు నిండాక మూత బిగించాడు.

"విన్నా," అన్నాడు. "మొదటి రోజు నుంచీ విన్నా డీలియా. ఇంకొక్క వారం, ఇంకొక్క వారం అనుకుంటూ ఉన్నా."

అబద్ధమాడి ఉంటే ఇంకో గంట తిట్టేదాన్ని. చెంపదెబ్బ కొట్టాలనిపించింది, వాడి తల నిమరాలనిపించింది. రెండూ చేయలేదు. "మా పాత పశువుల కొట్టం ఖాళీగానే ఉందిగా, చెమ్మకి కొదవ లేదు. తిత్తి అక్కడ పెట్టుకుని వచ్చి వాయించుకో," అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. "అది ఎక్కడుంటే నేను అక్కడే ఉంటా. నా సంగతి నీకు తెలీదా? రోజూ సాయంత్రం మీ కొట్టంలో తేలతా, ఫిలొమీనా ఒక్కత్తీ స్టవ్ ముందు కూర్చుంటుంది. మా ఇంట్లోనే ఉంటూ అదే చేశా ఇన్నాళ్ళూ. ఇంక చాలు."

తిత్తి అమ్మేస్తానని సెనన్ కబురు పెడితే ఆదివారం ఓర్లా వచ్చింది. మొదటి మాట ఆనవాయితీ ఆమెకీ వర్తిస్తుంది కదా. పిలవగానే ఎగిరి గంతేసినంత పని చేసిందట. కొత్త తిత్తి పెళ్ళికూతురిలా బిగుసుకుని కూర్చుంది, పలకరిస్తే పలకదు అని చెప్పి నవ్వించింది. నేనూ వెళ్ళాను. ఫిలొమీనా రమ్మంది. ఆ వేళకే వెనక గదిలో వేడి పెట్టి ఉంది, కిటికీ మూసి ఉంది. తువ్వాళ్ళు ఉతికి మడత పెట్టి ఉన్నాయి. వంటింట్లో స్టవ్ ఎర్రగా మండుతోంది. బ్రెడ్డు, వెన్న, టీ బల్ల మీద ఉన్నాయి.

అమ్మేవాడు ఒక పాట పూర్తిగా వాయించాలి. ఓర్లా జాలిపడినట్టు, "నాకు దీని సంగతి తెలుసుగా, అక్కర్లేదు. లేకపోతే మా ఇంటికొచ్చి వాయించండి, అక్కడ బాగా పలుకుతుంది," అంది.

"ఇక్కడే," అన్నాడు సెనన్. కుర్చీ స్టవ్ పక్కకు లాక్కుని, నడుముకి పట్టీ కట్టుకున్నాడు. ఫిలొమీనా అలవాటు ప్రకారం తన కప్పు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళబోయింది.

"కూర్చో ఫిల్," అన్నాడు.

ఆమె నిలబడిపోయింది. తర్వాత నా పక్కన కూర్చుంది.

నెమ్మదిగా సాగే పాట ఎత్తుకున్నాడు. రెండో వరసకే పీక ముడుచుకోవడం మొదలైంది. పై స్వరం కీచుమంది. అడుగు స్వరం గరగరమని మధ్యలోనే చచ్చిపోయింది. ఒక్క స్వరం తప్పితే గొట్టం విసిరికొట్టే మనిషి, ముగ్గురు ఆడవాళ్ళ ముందు, కళ్ళు మూసుకోకుండా, మొహం చిట్లించకుండా వాయించాడు. పలకని స్వరం దగ్గర కూడా వేళ్ళు పెట్టవలసిన చోటే పెట్టాడు. ఓర్లా తల దించుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఫిలొమీనా మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని వేళ్ళకేసే చూస్తూ విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు.

పాట అయిపోయింది. సెనన్ గొట్టం ఊడదీయబోతుంటే ఆమె అడిగింది:

"ఈ పాట పేరేంటి?"

"ఏంటీ?"

"నన్ను చేసుకున్న కొత్తల్లో రోజూ వాయించేవాడివి ఇది. గోడ అవతల నుంచి వినేదాన్ని. పేరు అడుగుదామనుకునేదాన్ని గానీ, ఎప్పుడు చూసినా తలుపు వేసి ఉండేది."

సెనన్ ఆమె వైపు చూశాడు. ఆనవాయితీ ప్రకారం ఒక్క పాటే వాయించాలి. వాడు మళ్ళీ తిత్తిలోకి గాలి కొట్టి అదే పాట మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఓర్లా తొందరేమీ లేనట్టు చేతిలోని కారు తాళాలు బల్ల మీద పెట్టింది. నేను లేచి స్టవ్‌లో ఇంకో కట్టె వేశాను.